చిరిగిన పుస్తకాల దారి

జిగురు ఉడుకుతున్నప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే ఉండ కడుతుంది. ఉండ కట్టిన జిగురుతో అతికిస్తే పుస్తకం అట్ట మొటిమలొచ్చిన మొహంలా తయారవుతుంది. కాలేజీ లైబ్రరీ వెనకగదిలో పుస్తకాలు కుట్టే ఆవిడకి పదకొండేళ్లుగా ఇదే పొద్దుటి పని. ఇంట్లో గరిటె కడిగి బోర్లించి, బస్సెక్కి వచ్చి, ఇక్కడ ఇంకో గరిటె పట్టుకుంటుంది. తేడా ఒక్కటే. ఇక్కడి మైదాలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం, నిలువునా విషం, పడుతుంది. ఆ చిటికెడు ఇంటి వంటలోనూ వేస్తే ఎలా ఉంటుందని ఆవిడకి ఎప్పుడైనా అనిపించిందా లేదా అన్నది మనం అడగకూడదు.

“నీకేం, కూచుని కుట్టుకునే ఉద్యోగం. రాజభోగం,” అంటాడు భర్త. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రాసుకోవడం పని. అదీ కూచునే చేస్తాడు. పైగా ఆయన కుర్చీలో దిండు కూడా ఉంది. ఆ దిండు గలీబు పదిహేను రోజులకోసారి ఇంటికొస్తుంది. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపేది ఈవిడే. రాజభోగం మాట వచ్చినప్పుడల్లా ఆవిడకి ఆ దిండు గుర్తొస్తుంది. పైకి అనదు. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియని మాటలు కొన్ని ఉంటాయి.

కాలేజీ పిల్లలు ఆవిణ్ణి జిగురక్క అంటారు. ఆ జిగురు గురించి అక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఒకప్పుడు ఆఫీసు సూపరింటెండెంటుగారు తడి అట్ట మీద మోచెయ్యి ఆన్చి కునుకు తీశారట. సాయంత్రం ఎంత లాగినా రాకపోతే అట్టతో సహా ఆయన్ని ఇంటికి పంపారట. పెన్షన్ కాగితాల్లో పుట్టుమచ్చలు రాసేచోట ‘కుడి మోచేతికి అట్ట’ అని ఇప్పటికీ ఉందట. జిగురక్క ఈ కథ విన్నప్పుడు కాదనదు, అవుననదు. దారం కొసని పెదాల మధ్య తడిపి సూదిలోకి ఎక్కిస్తుంది.

ఆవిడ గదికి ఆనుకుని ఉన్న గదిలో ఒకప్పుడు పాత పేపర్లు పడేసేవారు. నాలుగేళ్ల కిందట దాన్ని ఖాళీ చేసి, సున్నం కొట్టి, రెండు కుర్చీలూ ఒక బల్లా వేసి, విద్యార్థులూ ఉద్యోగులూ మనసులో బాధ చెప్పుకోవడానికని ఒక కౌన్సెలర్ మేడంని కూర్చోబెట్టారు. బయట పెద్ద బోర్డు పెట్టారు. బోర్డు మీద పెట్టిన శ్రద్ధ గుమ్మం మీద పెట్టలేదు. ఆ గుమ్మం సరిగ్గా క్యాంటీన్‌కి ఎదురుగా ఉంది. ఎవరైనా అటు అడుగు వేస్తే చాలు, నూటయాభై టీ గ్లాసులు గాల్లోనే ఆగిపోతాయి. తాగేవాళ్లు తాగడం మర్చిపోతారు, పోసేవాడు పోస్తూనే ఉంటాడు.

అయినా ఆడపిల్లలు వచ్చేవారు. ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని జంటలుగా వచ్చేవారు. బయటికొచ్చాక క్యాంటీన్‌లోంచి ఎవరో ఒకరు, “ఏం తల్లీ, వాడు ఫోన్ ఎత్తట్లేదా?” అని అరిచేవారు. వాళ్లు తల తిప్పకుండా వెళ్లిపోయేవారు. మగపిల్లలు మాత్రం మొదటి ఐదు నెలల్లో ఒక్కడంటే ఒక్కడు రాలేదు. “మనవాళ్లకి ఇలాంటివి రావండీ, మైదానంలో పరిగెత్తుతారుగా,” అని ఆటల మాస్టారు మీటింగులో అన్నాడట. అందరూ తలూపారట.

ఒకరోజు మధ్యాహ్నం మొదటి ఏడు చదివే ఓ పొడుగు కుర్రాడు, అందరూ నిచ్చెన అని పిలిచేవాడు, వంగి గుమ్మం దాటి జిగురక్క ముందు నిలబడ్డాడు.

“అక్కా, ఈ పుస్తకం చిరిగిందక్కా.”

ఆవిడ చూసింది. అప్పటికే ఏడేళ్లుగా చూస్తున్న కళ్లు. వాడుకలో చిరిగిన కాగితం అంచు మురిగ్గా, మెత్తగా ఉంటుంది. కావాలని చింపిన అంచు తెల్లగా పళ్లికిలిస్తుంది.

“అక్కడ పెట్టు. ఎల్లుండి రా.”

వాడు కదల్లేదు. రెండు గదుల మధ్య ఉన్న తలుపు వైపు చూస్తున్నాడు. దానికడ్డంగా అట్టల కట్టలు పేర్చి ఉన్నాయి.

“అక్కా, అది తెరుచుకుంటుందా?”

ఎందుకని ఆవిడ అడగలేదు. లేచి అట్టలన్నీ ఇవతలికి లాగి, గొళ్లెం తీసి, తలుపు మీద రెండుసార్లు తట్టింది. అవతల కౌన్సెలర్ మేడం ఆశ్చర్యపోయినా ఏమీ అనకుండా ఇంకో కుర్చీ ముందుకి జరిపింది. గంట తర్వాత నిచ్చెన బయటికొచ్చాడు, వాన వెలిసిన ఆకాశంలాంటి మొహంతో.

“వస్తానక్కా.”

“పుస్తకమో?”

“ఏ పుస్తకం?” అన్నాడు వాడు.

అంతే. వాడు ఎవరికి చెప్పాడో, వాళ్లు ఇంకెవరికి చెప్పారో కానీ ఆ ఏడాది లైబ్రరీలో పుస్తకాలు చిరిగినట్టు ఏ తుఫానులోనూ చిరిగి ఉండవు. ఇటుకంత లావున్న కెమిస్ట్రీ పుస్తకం ఒక్కటే తొమ్మిదిసార్లు వచ్చింది, తొమ్మిదిసార్లూ అదే పేజీ దగ్గర. లైబ్రేరియన్ గారు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశారు. మన లైబ్రరీలో కొత్తరకం ఎలుకలు చేరాయని, అవి రెండో సెమిస్టర్ పాఠాలే ఎంచుకుని కొరుకుతున్నాయని, సిలబస్ తెలిసిన ఎలుకలు కాబట్టి మామూలు బోనులు పనిచెయ్యవని.

జిగురక్క మధ్య తలుపు బందులకి చప్పుడు కాకుండా నూనె వేసింది. లోపల్నించి ఏడుపు గట్టిగా వినపడితే సుత్తి తీసుకుని పుస్తకాల వెన్ను మీద టకటకా కొట్టేది. వినకూడదని కొంత, ఎవరికీ వినపడకూడదని కొంత. ఎంత కొట్టినా తమ వంతు కోసం కూచున్న పిల్లల మాటలు చెవిన పడేవి. “నీ వయసుకి నేను ఇల్లు నడిపానంటాడక్కా మా నాన్న.” “మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా అంటారక్కా.” ఆవిడకి ఆ మాటలు కొత్త. ఇన్నాళ్లూ మగవాళ్లు ఏడవరనుకునేది. ఏడవడానికి వాళ్లకి చోటే లేదని ఇప్పుడు తెలిసింది. ఆడవాళ్లకి చోటు బోలెడంత ఉంది, స్నానాలగదిలో, పొయ్యి ముందు, బట్టల దండెం చాటున. కానీ ఆ ఏడుపుకి విలువ లేదు. ఇద్దరిలో ఎవరి గతి మేలో తేల్చుకోలేక ఇంకో పుస్తకం తీసుకునేది. ఈ గది తనకి దొరికినందుకు, ఈ పిల్లలు తన గడప తొక్కినందుకు లోలోపల ఎవరికో దణ్ణం పెట్టుకునేది.

అదే కాలేజీలో ఆవిడ ఒక్కగానొక్క కూతురు రెండో ఏడు చదువుతోంది. చదువులో చురుకైన పిల్ల. ఒక పరీక్షనాడు ప్రశ్నపత్రం చేతికొచ్చాక గుండె దడదడలాడింది. ఊపిరందలేదు. పావుగంటకే కాగితం వదిలేసి బయటికొచ్చేసింది. స్నేహితురాలు మోచెయ్యి పట్టుకుని నేరుగా క్యాంటీన్ ముందు నుంచే తీసుకెళ్లి కౌన్సెలర్ మేడం ముందు కూచోబెట్టింది. మూడుసార్లు వెళ్లాక పిల్ల మొహంలోకి కాస్త రంగొచ్చింది. మళ్లీ పరీక్ష రాస్తానని దరఖాస్తు కూడా పెట్టింది. పరీక్షకి నెల రోజులు గడువిచ్చారు. అదీ రాయకపోతే ఏడాది పోతుంది.

నాలుగోసారికి ముందే కబురు డిపోకి చేరింది. ఓ కండక్టరు కొడుకు ఆ క్యాంటీన్‌లోనే టీ తాగుతాడు.

“మీ అమ్మాయి పిచ్చిడాక్టరు దగ్గరికి తిరుగుతోందటగా, అని నలుగురిలో అడిగాడు!” భర్త చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. “మా ఇంటా వంటా లేదు ఇలాంటిది. ఇంకోసారి ఆ గదిలో అడుగు పెట్టావో, చదువు మాన్పించేస్తా.”

“పిచ్చి కాదు నాన్నా. ఊపిరాడట్లేదు.”

“పరీక్షంటే ఎవడికుండదు దడ? నాకు లేదా? నేను పోయి ఎవరికన్నా చెప్పుకున్నానా?”

చెప్పుకుని ఉంటే బాగుండేదేమో అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. మంచం మీంచి అత్తగారు అందుకుంది. “పోన్లేరా, ఆడపిల్ల. నాలుగు రోజులు ఏడిస్తే అదే పోతుంది. దీనికి గదులూ కుర్చీలూనా? నలుగుర్ని కన్నాను, ఇద్దర్ని పోగొట్టుకున్నాను. నాకో మనసుందని ఇంతవరకూ ఎవరూ చెప్పనేలేదు.”

ఆవిడ గొప్పగానే అంది ఆ మాట. కోడలికి మాత్రం చేతిలో గిన్నె ఒక్క క్షణం బరువెక్కింది.

చివరికి అందరి చూపులూ తిరిగే చోటికే తిరిగాయి. “నువ్వేం చేస్తున్నావక్కడ?” అన్నాడు భర్త. “పక్కగదిలోనే ఉండి కూతుర్ని కనిపెట్టుకుని ఉండలేవా?”

గిన్నెలు కడుగుతూ ఆవిడ కూతుర్ని పక్కకి పిలిచింది. తనకి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం, నాలుగేళ్లుగా చెడిపోకుండా పనిచేస్తున్న ఉపాయం, గుసగుసగా చెప్పింది.

“ఓ పని చెయ్యవే. రేపట్నుంచి నా గదిలోంచి రా. ఏదో ఓ చిరిగిన పుస్తకం పట్టుకుని రా. మధ్య తలుపు తీస్తాను. ఒక్కళ్లకి తెలీదు. మగపిల్లలంతా అలాగే వస్తారు.”

పిల్ల తల్లి మొహంలోకి చూసింది.

“అంటే, నేనంటే నీకూ సిగ్గేనన్నమాట.”

“సిగ్గు కాదే, లోకం...”

“నాన్నకంటే తెలీదు, నానమ్మకీ తెలీదు. నువ్వు రోజూ ఆ తలుపు పక్కనే కూచుంటావు కదమ్మా. నువ్వు కూడానా?”

ఆ తర్వాత పిల్ల ముందు గుమ్మంలోంచీ వెళ్లలేదు, మధ్య తలుపులోంచీ వెళ్లలేదు. కాలేజీకి వచ్చేది, పోయేది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. జుట్టు దువ్వుకోవడం మానేసింది. పుస్తకం తెరిచి ఒకే పేజీ ముందు పూటంతా కూచునేది. పన్నెండు రోజులు గడిచాయి.

గోడవైపు తిరిగిన ఆ వీపుని తల్లి రోజూ చూసేది. ఆ గోడ ఆవిడకి తెలుసు. పందొమ్మిదేళ్ల కిందట, ఈ పిల్ల పుట్టిన కొత్తలో, నాలుగు నెలలు ఆవిడ ఆ గోడనే చూస్తూ పడుకుంది. పాప ఏడిస్తే ఎక్కడో వీధి చివర ఇంకెవరి పాపో ఏడుస్తున్నట్టు వినపడేది. ఎత్తుకోవాలని తెలుసు. చేతులు లేచేవి కావు. “బద్ధకం,” అంది అత్తగారు. “కన్నది నువ్వొక్కదానివేనా?” అన్నాడు భర్త. చూడ్డానికొచ్చినవాళ్లు తలోమాటా అని పోయారు. పక్కింట్లో పుస్తకాలు కుట్టుకుని బతికే ఓ ముసలావిడ ఒక్కతే ఏమీ అనలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి పాపని ఒళ్లో వేసుకుని, “ఈ సూదిలో దారం ఎక్కించమ్మా, నా కళ్లు ఆనట్లేదు,” అనేది. ఆవిడ కళ్లు డేగ కళ్లని ఆ వీధి వీధంతటికీ తెలుసు. రోజుకో సూది, తర్వాత రోజుకో కుట్టు, తర్వాత ఒక పూర్తి పుస్తకం. అలా ఒకరోజు చేతులు లేచాయి, పాపని అందుకున్నాయి. ఆ ముసలావిడ పోయి చాలాకాలమైంది. ఆవిడకి థాంక్స్ చెప్పడం కూడా అప్పట్లో తెలియలేదు. చెప్పాలంటే ముందు ఏమైందో చెప్పాలిగా. ఏమైందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కూతురికి అసలే చెప్పలేదు. తల్లి నిన్ను నాలుగు నెలలు చూడలేకపోయింది అని ఏ నోటితో చెప్పాలి? ఇప్పుడు దీనికిలా అయిందంటే నా రక్తంలోంచే వచ్చిందేమో అన్న భయం వేరే.

పదమూడో రోజు పొద్దున్న లైబ్రేరియన్ గారు ఒక అట్టపెట్టె మోసుకుంటూ వెనకగదికి వచ్చారు. ఆయాసపడుతూ గుమ్మం పక్కన దింపారు. నిండా పాత పుస్తకాలు, అట్టలూడిపోయినవి.

“ఇవి కుట్టాలా సార్?”

“వద్దమ్మా. ఎలాగూ తీసి పారేసేవే. ఇక్కడుంచు. వచ్చే ఎలుకలు వీటిలో ఒకటి పట్టుకుని వస్తాయి. ఆ కెమిస్ట్రీ పుస్తకాన్ని ఇంక వదిలెయ్యమని చెప్పు.”

“మీకు తెలుసా?”

“ముప్పై ఏళ్లుగా లైబ్రరీ ఎలుకలతోనే కాపురం చేస్తున్నాను. ఏ ఎలుకా పేజీ నంబరు చూసుకుని కొరకదు,” అని నవ్వారు. నవ్వు మధ్యలో ఆగింది. “చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా గదిలో ఒకడుండేవాడమ్మా. మహా నవ్వించేవాడు. ఒక్కరోజూ ఏడవలేదు. పరీక్షల ముందు పోయాడు, తన చేతులారా ప్రాణం తీసుకుని. మేమందరం, అయ్యో వాడికేం లోటు అన్నాం.” కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “నీ తలుపు చల్లగా ఉండాలి.”

ఆయన వెళ్లాక ఆవిడ చాలాసేపు పని ముట్టుకోలేదు. ఈ మనిషికి ఇంత తెలిసి, ఎలుకల మీద ఉత్తరాలు రాసుకుంటూ ఇన్నాళ్లు ఆ పిల్లల్ని కాచాడన్నమాట. ఆ మంచితనానికి ఎన్నిసార్లు చేతులెత్తినా చాలదు. కానీ ఆయనా దాచాడు, తనూ దాచింది. వచ్చిన ప్రతి పిల్లాడూ ఈ గదిలోంచి రెండు పట్టుకెళ్లాడు. ఒకటి ఓదార్పు, ఇంకోటి ఇది దాచుకోవలసిన పని అన్న సంగతి. మొదటిది ఇచ్చింది కౌన్సెలర్ మేడం. రెండోది ఇచ్చింది తను. కూతురు అడిగింది అదే. అంత చిన్నపిల్ల ఒక్కమాటలో అడిగేసింది.

భోజనాల గంట కొట్టారు. ఆవిడ లేచి, చేతులు కడుక్కుని, వెనకగదికి తాళం వేసింది. లైబ్రరీ చుట్టూ తిరిగి వరండాలోకి వచ్చింది. క్యాంటీన్ కిటకిటలాడుతోంది. కౌన్సెలర్ మేడం గది ముందు చిన్న బెంచీ ఒకటి ఉంది. లైబ్రరీ మూల నుంచి దానికి ఇరవై అడుగులుంటాయి. ఆవిడకి ఇరవై మైళ్లయ్యాయి. మధ్యలో రెండుసార్లు కాళ్లు వెనక్కి తిరగబోతే వాటికి నచ్చజెప్పుకుంది. టీ గ్లాసులు గాల్లో ఆగాయి. “జిగురక్కేంటి ఇక్కడ?” అన్నారెవరో. ఈ ఇరవై అడుగులూ నాలుగేళ్ల కిందట మొదటిసారి నడిచిన ఆ ఆడపిల్ల ఎవరో, ఆ పక్కన మోచెయ్యి పట్టుకుని నడిచిన పిల్ల ఎవరో. ఇన్ని కళ్లల్లోంచి రోజూ తలవంచకుండా వెళ్లారే వీళ్లు! వీళ్లనేనా తను రోజూ చూసి, పాపం ఆడపిల్లలు, అనుకుంది? మీకు వెయ్యి దణ్ణాలు తల్లీ, అనుకుని బెంచీ మీద కూచుంది.

క్యాంటీన్ మూలనించి కూతురు చూసింది. టిఫిన్ డబ్బా మూత కూడా పెట్టకుండా లేచి వచ్చింది.

“ఇక్కడ కూచున్నావేంటమ్మా? నా గురించి మాట్లాడ్డానికా? నేను రానని చెప్పానుగా.”

“నీ గురించి కాదే. నా గురించి.”

“నీకేమైంది?”

తల్లి పక్కకి జరిగి చోటిచ్చింది. పిల్ల కూచుంది. ఆవిడ ఎదురుగా ఉన్న నూటయాభై మందినీ చూస్తూ, గొంతు తగ్గించకుండా మొదలుపెట్టింది.

“నువ్వు పుట్టాక నాలుగు నెలలు నిన్ను ఎత్తుకోలేకపోయానమ్మా. ఇష్టం లేక కాదు. నువ్విప్పుడు పడుకుంటున్న ఆ గోడవైపే తిరిగి పడుకునేదాన్ని. నాకేమైందో నాకు తెలీలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటికీ ఒక్కోరోజు బట్టలు ఆరేస్తూ ఉంటే ఉన్నట్టుండి చేతులు ఆగిపోతాయి. నీకు నా నుంచే వచ్చిందేమో తెలీదు. అదీ అడుగుదామని వచ్చా.”

తల్లి కూతురి వైపు చూడ్డానికి భయపడింది. చూసేసరికి పిల్ల కళ్లనిండా నీళ్లున్నాయి, కోపం మాత్రం లేదు.

“మరి నన్నెవరు చూశారమ్మా?”

“పక్కింటి మామ్మ. నిన్ను ఒళ్లో వేసుకుని నాకు సూదీ దారం ఇచ్చింది. లేకపోతే మనిద్దరం ఈ బెంచీ మీద ఉండేవాళ్లం కాదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు నన్ను అసహ్యించుకుంటావని.”

“పిచ్చమ్మా,” అంది పిల్ల. అని, ఆ మాట ఎక్కడ కూచుని అందో చూసుకుని, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

ఇంతలో నిచ్చెన వరండాలోకి వచ్చాడు. ఇప్పుడు ఇక్కడే పైచదువుల్లో ఉన్నాడు, ఇంకో రెండంగుళాలు పెరిగాడు. వెనకగదికి తాళం చూసి, ఆవిడ ఏమైందోనని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. బెంచీని చూశాడు, బోర్డుని చూశాడు, క్యాంటీన్‌ని చూశాడు. బెంచీ చివర, సగం గాల్లో సగం చెక్క మీద, కూచున్నాడు.

“ఏరా, నువ్వు కూడానా?” అని క్యాంటీన్‌లోంచి ఎవడో అరిచాడు.

“ఆఁ. లైన్లో ఉన్నా. కావాలంటే నా వెనక రా,” అని అరిచాడు నిచ్చెన. చెవులు ఎర్రబడ్డాయి కానీ కూచున్నచోటి నుంచి లేవలేదు.

సాయంత్రానికి ఈ సంగతి డిపోకి చేరుతుందని ఆవిడకి తెలుసు. భర్త చెప్పులు విప్పకుండా ఏమంటాడో తెలుసు. ఈసారి జవాబు తన దగ్గర సిద్ధంగా ఉంది. ఇంటా వంటా ఉందండీ, పందొమ్మిదేళ్లుగా మీ ఇంట్లోనే, మీ వంటింట్లోనే ఉంది, అంటుంది. అమ్మాయి పరీక్ష రాస్తుంది, ఈ గదికీ వస్తుంది, అంటుంది. అత్తగారికి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. మీకూ ఒకటుంది అత్తయ్యా, అని మంచం మీద పక్కన కూచుని చెప్పాలి, తీరిక చూసుకుని.

తలుపు తెరుచుకుంది. కౌన్సెలర్ మేడం తల బయటికి పెట్టి, నిండిపోయిన బెంచీని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది.

“తర్వాత ఎవరండీ?”

తల్లి కూతురి భుజం తట్టింది. “వెళ్లమ్మా, నీ పరీక్ష దగ్గరికొచ్చింది.”

కూతురు కదల్లేదు. తల్లి చెయ్యి పట్టుకుని, ఆవిణ్ణే లేవదీసి నిలబెట్టింది.

“ముందు నువ్వెళ్లు. నేను పన్నెండు రోజుల నుంచే ఆగాను. నువ్వు పందొమ్మిదేళ్ల నుంచి లైన్లో ఉన్నావు.”